నీళ్లు చూడని గౌన్లు

పోయిన వారం కొండల్‌ను మనం కరీంనగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. ఒళ్లో దారపు ఉండల కవరు, మొహంలో పెళ్లికి పోతున్నవాడి సంబరం. భార్య అనసూర్య రావొద్దని చెప్పినా వినలేదు. నిజానికి వద్దన్న పని చేయడం ఆయనకు అలవాటు లేదు. పదహారేళ్లు దుబాయిలో ఉన్నాడు. అందులో పద్నాలుగేళ్లు కాగితాల్లేకుండా, అక్కడి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారే, ఆ బతుకు బతికాడు. పోలీసు కనబడితే సందు మారడం, ఎవరేం చెప్తే దానికి తలూపడం. అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టి పంపిస్తే హుస్నాబాద్‌లో ఇల్లు చేరి ఇవాళ్టికి పన్నెండు రోజులు.

ఆ పన్నెండు రోజుల్లో కూతురు దీపిక ఆయనతో ఆడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో సగం ‘ఆ’, మిగతా సగం ‘ఊ’. నాలుగేళ్లప్పుడు మంచంలో నిద్రపోతుంటే వదిలి వెళ్లిన పిల్ల ఇప్పుడు ఆయన చెవి దాకా ఉంది. నర్సింగ్ చదివింది. సోమవారం ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతోంది. ఈలోపు ఆమె నోటితో ‘బాపూ’ అని ఒక్కసారి పిలిపించుకోవాలి. కొండల్ గొడవంతా అదొక్కటే. తిండి సయించకపోవడానికి కారణం కూడా అదే, అనసూర్య అనుకుంటున్నట్టు ఇక్కడి నీళ్లు పడక కాదు.

బొంత ఆలోచన ఆయనదే. వచ్చిన మూడో రోజు ఇనప్పెట్టె తెరిస్తే అడుగున పిల్లకు పదహారేళ్లు వచ్చేదాకా తాను దుబాయి నుంచి ఏటా పంపిన గౌన్లు మడత నలగకుండా కనిపించాయి. “ఎంత మంచిగ దాసినవే” అని భార్యను మెచ్చుకున్నాడు. పిల్లకు పొట్టివైపోయిన ఈ గౌన్లన్నీ కలిపి బొంత కుట్టిస్తే హైదరాబాద్‌లో కప్పుకుంటుంది, బాపు యాదికుంటాడు అన్నాడు. అనసూర్య పెట్టె మూసేసింది. తర్వాత మూట తానే కట్టుకుంది, కరీంనగర్ తానే తీసుకెళ్తానంది, నువ్వు రావద్దంది. ఎందుకు వద్దందో కొండల్ అడగలేదు. అడిగి ఉంటే ఈ వారం కథ వేరేలా ఉండేది.

బొంతలు కుట్టే గౌహర్ ఇల్లు కరీంనగర్ కశ్మీర్‌గడ్డలో, దీపిక చదువుకున్న మూడేళ్లూ ఉన్న హాస్టల్ వెనక గల్లీలో ఉంటుంది. గౌహర్‌కు యాభై అయిదేళ్లుంటాయి. ఇంట్లో కుట్టుమిషను ఉన్నా బొంత మాత్రం చేత్తోనే కుడుతుంది. మిషను మీద కుట్టింది కప్పుకుంటే అట్ట కప్పుకున్నట్టుంటుందని ఆమె లెక్క. వరండాలో అడుగున పాత చీర పరిచి, నాలుగు మూలలకూ నాలుగు గ్రానైట్ ముక్కలు బరువు పెట్టి, ఆ చీర మీద బట్టలను వరసగా పేరుస్తుంది. కొండల్ వెళ్లేసరికి పేర్చడం అయ్యింది. అనసూర్య గోడకానుకుని కూర్చుని ఉంది.

భర్తను చూడగానే లేచి నిలబడింది. “నిన్ను రావద్దంటిని గదా.”

“దారం తెచ్చిన” అని కవరు చూపించాడు కొండల్. “ఎర్రది, పచ్చది, నీలిది. ఏ గౌనుకు ఆ దారమైతే మంచిగుంటది గదా ఆపా?”

“కూసో భయ్యా” అంది గౌహర్. “దారం నా దగ్గరుంటది గని, తెస్తివి, మంచిది. నీ చెయ్యి సుత కలిసినట్టుంటది.”

ఆ మాటకు కొండల్ పొంగిపోయాడు. చెప్పులు విప్పి చీర అంచున గొంతుక్కూర్చుని ఒక్కో గౌను మీదా చెయ్యి వేశాడు. “గిది మొదటిది, ఆకుపచ్చది. లక్సెట్టిపేట రామచంద్రం ఊరికి పోతుంటే ఆయన చేతికిచ్చిన. గీ సీతాకోకచిలుకలది దశరథం తెచ్చిండు. ఆయన పెట్టె బరువైతదంటే నా పైసలతోని రెండు కిలోలు ఎక్కువ కట్టిన. గీ కుచ్చులది...” ఆగాడు. కుచ్చులది ఎవరు తెచ్చారో గుర్తు రాలేదు. “ఎవలో తెచ్చిండ్రు. గీ తెల్లగౌను మీద మరక పడద్దని మూడు కవర్లల్ల చుట్టిన.”

“ఆపా, చాయ పెడుతవా, నేను పెట్టన్నా?” అంది అనసూర్య.

“ఆగు బిడ్డా. అన్న వచ్చిండు, మంచిదే అయింది. పొద్దటి సంది ఒక్క మాట అడుగుదామనుకుంటున్న.” గౌహర్ తెల్లగౌను అందుకుని చెంపకు ఆనించుకుంది. బొంతకొచ్చిన ప్రతి బట్టనూ ఆమె అలాగే చూస్తుంది. “బొంతకు తొడిగి తొడిగి మెత్తబడ్డ బట్ట గావాలె. అప్పుడే సూది పోతది, ఒంటికి అంటుకుంటది. గీ బట్ట బిర్రుగున్నది భయ్యా. దుకాన్ల పెట్టిన గంజి అట్లనే ఉన్నది. నీళ్లు ఒక్కసారి సుత చూడలే.”

కొండల్ నవ్వాడు. “మా ఆమె గట్ల పదిలంగ చూసింది.”

“పదిలం వేరు, గిది వేరు” అంది గౌహర్. ఆమెకు ఇందులో దాచిపెట్టాల్సింది ఏదో ఉందని ఎవరూ చెప్పలేదు. తన పని గురించి తాను మాట్లాడుతోంది, అంతే. గౌను తిప్పి వీపు వైపు చూపించింది. “గీ కాజాలు చూడు. కుట్టిండ్రు గని నడుమ కోయలే. కోసుకొని గుండీ పెట్టుకోవాలె. పదిట్ల గుండీల గౌన్లు ఆరున్నయి. ఆరింటికి కాజాలు మూసే ఉన్నయి. చంకల చెమట మరక లేదు, మెడకాడ మాసింది లేదు. పిల్ల తొడిగిన బట్టలని అనసూర్య చెప్పింది. నేనేమో పరేషానైతున్న, గుండీ పెట్టకుంట ఎట్ల తొడిగిందని. సోడా వేసి ఉడకబెట్టి గంజి తీస్త, అప్పుడే కుట్టొస్తది. రెండు దినాలు ఎక్కువైతది, గంతే. ఫికర్ లేదు.”

కొండల్ గౌను తీసుకుని కాజా మీద బొటనవేలు పెట్టి చూశాడు. దారం రెండు వరసల మధ్య గుడ్డ చెక్కుచెదరకుండా ఉంది. రెండోది చూశాడు. సీతాకోకచిలుకల గౌను తిప్పి చూశాడు. అప్పుడు భార్య వైపు చూశాడు. అనసూర్య నేలనే చూస్తోంది.

“తొడగలేదా?” అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఒక్కటి సుతనా?”

“పట్టలే” అంది అనసూర్య.

గౌహర్‌కు అప్పటికి సంగతి అర్థమైంది. అర్థమై లాభం లేదు. చేతిలో సూది డబ్బీ పక్కన పెట్టి, “నేను చాయ పెట్టుకొస్త” అని లోపలికి వెళ్లింది. వెళ్లేటప్పుడు అనసూర్య భుజం తట్టింది. అయ్యో, నోరు జారితిని గదా అని ఆ తట్టడంలోనే చెప్పింది.

కొండల్ చొక్కా జేబులోంచి ఫోను కాకుండా పాత పర్సు తీశాడు. అందులో ప్లాస్టిక్ కవర్లో మడతలు పడ్డ ఫోటో ఉంది. ఆకుపచ్చ గౌనులో దీపిక, వెనకాల స్టూడియో వాడి పూలతోట. “మరి గిదేంది? గీడ తొడిగింది గదా. కండ్లతోని చూస్తనే ఉన్న గదా పద్నాలుగేండ్ల సంది.”

“చేతులు చూడు” అంది అనసూర్య.

ఫోటోలో పిల్ల రెండు చేతులూ భుజాల దగ్గర ఉన్నాయి. వేళ్లతో గౌను భుజాలను పట్టుకుని ఉంది. ఆ చేతులను కొండల్ చూడక కాదు, వేలసార్లు చూశాడు. దుబాయిలో కూలీల క్యాంపు గదిలో పదిమందికి చూపించాడు. మా పిల్లకు సిగ్గెక్కువ, ఫోటో అంటే చాలు భుజాలు పట్టుకుంటది అని ముచ్చటగా చెప్పాడు. తర్వాత ఫోన్లో వచ్చిన ప్రతి ఏటి ఫోటోలోనూ పిల్ల అలాగే నిలబడి ఉండేది. పెరిగినా సిగ్గు పోలేదనుకుని ఒక్కడే నవ్వుకునేవాడు.

“ఒంటి మీద పట్టుకోమని దించినం” అంది అనసూర్య. “మొదటిది రామచంద్రం తెచ్చినప్పుడు పిల్ల ఎంత సంబురపడ్డదో నీకు తెల్వది. స్నానం చేసి వచ్చి చేతులు లేపి నిలబడ్డది. తల దూరింది, భుజాలు దూరలే. గుంజితే చంకల పిట్లింది. అది ఎంత ఏడ్చిందంటే, నేనెక్కువ పెరిగిన, బాపు కోపానికొస్తడా అని ఏడ్చింది. నీకు చెప్దామనే అనుకున్న. చిన్నగైంది, వచ్చేయేడు పెద్దది పంపుమని. అవ్వ వద్దన్నది.”

“అవ్వ?”

“మీ అవ్వనే. వాడక్కడ తిన్నడో తినలేదో, ఎంత ఆశతోని పంపిండో, పట్టలేదంటే వాని పానం గుంజుకుంటది, పట్టిందనే చెప్పు అన్నది. చెప్పిన. సరిగ్గ సరిపోయింది, కొలిచి కుట్టినట్టే ఉన్నదని చెప్పిన. ఆ మాట విని నువ్వు ఫోన్ల ఎంత నవ్వినవో నాకు ఇంక యాదున్నది.”

కొండల్‌కూ గుర్తుంది. ఆ రోజు ఆయన పని చేస్తున్న కంపెనీ మూతబడి నెలైంది. జేబులో కాగితాల్లేవు, రేపెక్కడ పడుకోవాలో తెలియదు. ‘సరిగ్గ సరిపోయింది’ అన్న మాట పట్టుకుని ఆ ఏడాది గడిపాడు.

పర్సు లోపలి అరలోంచి దారం తీశాడు. అనసూర్య ఎన్నడూ చూడని దారం. మట్టిరంగు తిరిగిపోయిన మొలతాడు లాంటి నూలు దారం, చివర వైపు ముడులు. “పోయే పొద్దు పిల్ల నిద్రపోతుంటే భుజానికెళ్లి మోకాలు దాంక కొలిచిన. గిదే మొదటి ముడి. ఏడాదికి ఒక వేలు వెడల్పు జరిపి ఇంకో ముడి ఏసుకుంట పోయిన. దుకాన్ల గీ దారం పెట్టి కొలిచే తీసుకున్న ప్రతి గౌను. సరిగ్గ సరిపోయిందంటివి గదా. నా కొలత కరెక్టే ఉన్నదనుకున్న. తక్కువైందని చెప్తే రెండేండ్లది జరుపుదును, మూడేండ్లది జరుపుదును. నాకేం పోయేది?”

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అనసూర్యకు ఇంతకంటే సులువుగా ఉండేది. తిడితే తిరిగి తిట్టేది. పదహారేళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి, మాటకు మాట అప్పజెప్పడం రాక కాదు. కానీ ముడులను వేలితో తడుముతూ కూర్చున్న మనిషిని ఏమని తిడుతుంది? పైగా తప్పు ఆయనది కాదు. కొన్న గౌను ఊరికొచ్చే మనిషి కోసం ఎదురుచూస్తూ ఆరేసి నెలలు, ఎనిమిదేసి నెలలు ఆ క్యాంపు గదిలోనే ఉండేది. పిల్ల ఎదురుచూడలేదు, పెరిగింది. ఫోన్లో మొహం కనిపిస్తుంది గానీ ఎత్తు కనిపించదు.

“మొదటేడు ఒక్కసారి చెప్పిన” అంది అనసూర్య. “రెండో యేడు అదే చెప్పవలసి వచ్చింది. మూడో యేటికి ఇగ ఎట్ల తిప్పుకోవాల్నో తెల్వలే. నీ పిల్లకు నువ్వు పంపిన బట్ట ఒక్కనాడు తొడగలేదంటే నువ్వేమైపోదువో అని భయమయ్యేది. ఎవలకన్న చిన్నపిల్లలకు ఇద్దామంటే నాకు చేతులు రాలే. పెట్టెల పెట్టిన.”

“మరి అది తొడిగినయి ఏవి?” అన్నాడు కొండల్ ఉన్నట్టుండి. “పెరిగింది గదా, ఏదో ఒకటి తొడిగే పెరిగింది గదా. ఆ బట్టలు తే. వాటితోనే కుట్టిద్దాం. దాని బొంత అదే గదా.”

ఆ ఆశ చూసి అనసూర్యకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఆపుకున్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“లేవు” అంది. “సంతల కొన్నయి, మా అన్న బిడ్డలయి తెచ్చినయి, బడి డ్రస్సులు. చినిగేదాంక తొడిగింది. చినిగినంక స్టీలు గిన్నెలామెకు ఏసిన.”

పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఆమె నెత్తి మీద గంపతో నెలకోసారి వీధిలోకి వస్తుంది. అందరూ వేస్తారు. అనసూర్యా వేసింది. కూతురి మోకాళ్లు అరిగిన బట్టలు, ఇంకు మరకల బట్టలు, చేతుల కింద అతుకులేసిన బట్టలు, అన్నీ వేసేసింది. ఒక్కనాడూ తొడగని బట్టలు మాత్రం కలరా ఉండలు వేసి దాచింది. బాపు పంపినవి కదా.

“ఇంట్ల ఉన్నయన్ని గట్ల వచ్చినయే” అంది. “పొద్దుగాల నువ్వు చాయ తాగిన గిలాస లేదా, అది అయిదో తరగతి లంగజాకీటు, ఇంకో రెండు అంగీలు కలిపి ఏస్తే వచ్చింది. పప్పు గిన్నె పది చదివినప్పటి డ్రస్సులకు వచ్చింది. నాకెట్ల తెలుసు, నువ్వొచ్చి అడుగుతవని.”

ఆ గ్లాసు కొండల్‌కు బాగా నచ్చింది. పొద్దున దాన్ని రెండు చేతులతో పట్టుకుని తాగాడు. పిల్ల చిన్నతనం చేతుల్లోకి వచ్చినా తనకు తెలియలేదు గదా అనుకున్నాడు. ఇక ఏడుపు ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. ఆడవాళ్ల ముందు మగవాడు ఏడవకూడదని పదహారేళ్ల కింద అనుకునేవాడేమో. క్యాంపులో అందరూ అందరి ముందూ ఏడ్చేవాళ్లే, ఆ సిగ్గు అక్కడే పోయింది.

గౌహర్ చాయ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. ఆ ఇంట్లో చాయకు పింగాణీ కప్పులున్నాయి. అనసూర్య మనసులోనే ఆమెకు దండం పెట్టుకుంది.

“నా నోరు కాలిపోను” అంది గౌహర్. “మాఫ్ చెయ్యి భయ్యా. ఇప్పుడేం చేద్దాం చెప్పు. కుట్టన్నా, మూట కట్టియ్యన్నా?”

ఆయన జవాబు చెప్పేలోపు గేటు చప్పుడైంది. దీపిక వచ్చింది. హాస్టల్ గది ఖాళీ చేసి వస్తానని పొద్దున చెప్పింది. భుజాన సంచి, చేతిలో బకెట్టు. మెట్ల దగ్గరే ఆగి వరండా అంతా ఒకసారి చూసింది. పరిచిన గౌన్లు, తల్లి కళ్లు, తండ్రి చేతిలో ఫోటో. ఆమె చదివింది నర్సింగ్. ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో అడగకుండానే తెలుసుకోవడం నేర్చుకుంది.

“చెప్పినవా, అమ్మా?” అంది.

“నేను చెప్పలే. కాజాలు చెప్పినయి.”

దీపిక బకెట్టు కింద పెట్టింది. తండ్రి దగ్గరకు రాలేదు, వెనక్కీ వెళ్లలేదు. కొండల్ లేచాడు. కన్నీళ్లు తుడుచుకోలేదు. దారం రెండు చేతులా పట్టుకుని కూతురి ముందు నిలబడి, “ఒక్కసారి కొలవన్నా, బిడ్డా?” అని అడిగాడు.

అలా అడుగుతాడని ఎవరూ అనుకోలేదు. దీపిక కూడా. కానీ తల ఊపింది. ఆయన దారం కొసను ఆమె భుజం మీద పెట్టి కిందికి వదిలాడు. పదహారేళ్ల తర్వాత కూతుర్ని తాకడం అదే మొదటిసారి. వచ్చిన రోజు బస్టాండులో ఆమె బ్యాగు అందుకుందే గానీ దగ్గరకు రాలేదు. మొదటి ముడి నడుము దాకానే వచ్చింది. చివరి ముడి అక్కడి నుంచి కిందికి జానెడు. మోకాలు ఎక్కడో ఉంది.

“గింత తక్కువ కొలిచిన్నా” అన్నాడు.

“నేనే ఎక్కువ పెరిగిన” అంది దీపిక. చిన్నప్పుడు ఏడుస్తూ అన్న మాటే. ఇప్పుడు నెమ్మదిగా అంది.

గౌహర్ ఆ దారం చూసి ముందుకు వంగింది. కుట్టుపని మనిషి కొలత దారం కనబడితే ఊరుకోలేదు. ముడులు లెక్కపెట్టింది, పరిచిన గౌన్ల వైపు చూసింది. “పదకొండు ముడులున్నయి. నా దగ్గరికి పదే వచ్చినయి. అందుకేనా వరస కుదుర్తలేదు. ఒకటి తక్కువున్నది భయ్యా.”

కొండల్ ఒక్కో గౌనూ మళ్లీ చూశాడు. ఎనిమిదో ముడి దగ్గర వేలు ఆగింది. “వంకాయరంగుది లేదు. చమ్కీలది. అంబదాస్ తోని పంపిన.” భార్య వైపు తిరిగాడు. “అది సుత గిన్నెలామెకేనా?”

“కాదు” అంది అనసూర్య. ఆ వెంటనే కూతురి వైపు చూసింది, నువ్వు చెప్పకు అన్నట్టు.

“చెప్పాలె అమ్మా. ఇంకెన్ని దాస్తం?” దీపిక చీర అంచున కూర్చుంది. పది గౌన్ల మధ్య పదకొండోది ఉండాల్సిన చోటు అలా ఖాళీగా ఉంది. “అది బాపమ్మ తీసుకున్నది.”

బాపమ్మ అంటే కొండల్ తల్లి కొమురవ్వ. ఏడేళ్ల కిందట పోయింది. కొండల్ ఆ మాట ఫోన్లో విన్నాడు. పాస్‌పోర్టు లేని కొడుకు తల్లి మట్టికి రాలేడని ఊరంతటికీ తెలుసు. ఎవరూ ఆయన్ను తప్పుపట్టలేదు, ఆయన తప్ప.

“అంబదాస్ తెచ్చినప్పుడు బాపమ్మ మంచంల ఉన్నది” అంది దీపిక. “అప్పటికి నాకు పదమూడేండ్లు. మీద పట్టుకొని ఫోటో దిగిన. మడిచి పెట్టెల పెడ్తుంటే బాపమ్మ ఇటు తే అన్నది. నీకు పట్టదు గదా, నాకియ్యి, నా కొడుకు చెయ్యి తాకిన బట్ట అన్నది. నాలుగు నెలలు తల కింద పెట్టుకొని పండుకున్నది. చమ్కీలు చెంపకు గుచ్చుకుంటయి బాపమ్మా అంటే వినలే. మట్టి చేసేప్పుడు తల కిందకెళ్లి తీద్దామన్నరు. నేను తియ్యనియ్యలే. గట్లనే పెట్టినం.”

కొండల్ మెల్లగా కూర్చున్నాడు. దారాన్ని పిడికిట్లో ముడిచాడు. పదకొండింటిలో ఒక్కటి ఒకరికి సరిపోయింది. ఆ ఒక్కరూ తన అవ్వ. తాను వేయలేని పిడికెడు మట్టికి బదులు ఆ గౌను తల్లి తల కింద ఉంది. అది తనకు ఏడేళ్లుగా తెలియదు. ఆయనకు దుఃఖం మళ్లీ వచ్చింది, కానీ ఈసారి దానిలో కాస్త నెమ్మది ఉంది. ఎక్కడో ఏదో చేరాల్సిన చోటికి చేరిందన్న నెమ్మది.

“కుట్టు, ఆపా” అన్నాడు గౌహర్‌తో. “ఉడకబెట్టి కుట్టు. పదితోనే కుట్టు. ఆ ఒక్క గౌను జాగ ఖాళీగ ఉంచు, నా అంగీ ముక్కేస్త.”

“ఆగు” అంది దీపిక.

చీర అంచును వేళ్లతో నలుపుతోంది. ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆమె ఆయన కళ్లలోకి చూడలేదు. ఇప్పుడు చూసింది. కోపమనుకున్నారు అందరూ ఇన్నాళ్లూ. పదహారేళ్లు ఇంట్లో లేని తండ్రి మీద పెరిగిన పిల్లకు కోపం ఉండదా అని అనసూర్య సర్దిచెప్పుకుంది. కొండల్ కూడా అదే అనుకున్నాడు. ఆ కళ్లలో ఉన్నది కోపం కాదు, భయం.

“ఆ గౌను తీసుకున్న పొద్దు బాపమ్మ నాకొక మాట చెప్పింది” అంది. “మీ బాపు తిరిగొచ్చినంక మొహం చూసి చెప్పు, ఫోన్ల చెప్పకు అన్నది. ఒట్టేయించుకున్నది. ఏడేండ్లాయె. నువ్వు దిగిన రోజు సంది చెప్దామని నోరు తెరుస్త, మల్ల మూస్త. అందుకే నీతోని మాట్లాడలే. మాట్లాడితే అదే ముందు వస్తదని.”

అనసూర్య చేతిలో కప్పు కింద పెట్టింది. “ఏం మాట? నాకెందుకు చెప్పలే?”

దీపిక తల్లి వైపు చూడలేకపోయింది.

“నీకు చెప్పద్దన్నది, అమ్మా.”

దీపిక లేచి తండ్రి పిడికిలి విప్పి, దారాన్ని తీసి, ఆయన పర్సులో పెట్టి ఇచ్చింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంది.

“బాపూ” అంది. “బయటికి రా. చెప్త.”

పదహారేళ్లుగా ఆ పిలుపు కోసం ఎదురుచూసిన మనిషి, తీరా విన్నాక, లేచి నిలబడడానికి భయపడ్డాడు.